మా పెదనాయన నత్తి

పోయిన నెల హైదరాబాదు నుంచి ఒకమ్మాయి వచ్చి నా కథలు నా గొంతుతోనే రికార్డు చేసుకుపోయింది. ఈ కాలంలో చదివేవాళ్ళకంటే వినేవాళ్ళు ఎక్కువయ్యారట, రాసినమనిషే చదివితే ఇంకా ఇష్టపడతారట. నాకు నత్తి ఉందని ముందే చెప్పాను. అరవై దాటాక ఇంకా దాచుకునేదేముంది. పర్వాలేదు, మీరెలా చదివితే అలాగే ఉంచుతాం అంది. ఆదోనిలో మా ఇంటి ముందుగదిలో ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, రెండు పూటలు చెమటలు కక్కుతూ చదివాను. ఆగిన చోట ఆగాను, తడబడిన చోట తడబడ్డాను. పది రోజులకు ఫోనుకు పంపింది. మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక్కదాన్నే కూర్చుని విన్నాను. గొంతు నాదే, ఊపిరి నాదే, మధ్యలో సన్నగా దగ్గింది కూడా నేనే. కానీ ఎక్కడా ఆగడం లేదు. నేను పుట్టిన దగ్గర్నుంచీ కుస్తీ పట్టిన అక్షరాలన్నీ నూనె రాసినట్టు జారిపోతున్నాయి. ఆగిన చోట్లన్నీ కంప్యూటరులో కత్తిరించి అతికించిందట. నాకు మేలు చేశాననుకుంది పాపం. నేను పోయాక ఎవరో వచ్చి నా కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నట్టనిపించి, ఫోను బోర్లా పెట్టేశాను. తీసేసినవన్నీ మళ్ళీ పెట్టమ్మా అని ఆ అమ్మాయికి చెప్పాను, పెట్టింది, ఆ సంగతి అంతటితో తీరిపోయింది. తీరనిది ఇంకొకటి. అలాంటి గొంతు నేను తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి విన్నాను, ఇదే ఊళ్ళో, పట్టపగలు.

మాది ఎమ్మిగనూరులో నేతపని చేసే ఇల్లు. పొద్దున్నే వీధి పొడుగునా పడుగు నూలు సాగదీసి గంజి పెట్టేవాళ్ళు. ఆ పుల్లటి గంజి వాసన, ఎండెక్కేకొద్దీ ఆరుతున్న నూలు వాసన, వంటింట్లో మా అమ్మ జొన్నరొట్టె తట్టే చప్పుడు, ఇవన్నీ కలిస్తేనే మాకు తెల్లవారినట్టు. ఇంట్లో రెండు గుంటమగ్గాలుండేవి. ఒకటి మా నాయనది, రెండోది ఆయన అన్న, మా పెదనాయన బసప్పది. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించుకుని కూర్చుంటే మనిషి నడుము దాకే కనిపిస్తాడు. అందుకే నా జ్ఞాపకంలో మా పెదనాయన ఎప్పుడూ సగం మనిషే. మిగతా సగం నేల కింద ఉండేది. ఆయన పెళ్ళి చేసుకోలేదు. పిల్లను చూడబోయినప్పుడు అవతలివాళ్ళు పేరడిగితే, అది చెప్పలేక, చెప్పులు వేసుకుని వచ్చేశాడని మా అమ్మ చాలా ఏళ్ళ తరవాత చెప్పింది.

ఆయనది మామూలు నత్తి కాదు. మాట పెదాల దాకా వచ్చి అక్కడ మూతబడిపోయేది. మెడ నరాలు లేచేవి, కళ్ళు ఎటో చూసేవి, కుడికాలు నేలకేసి నొక్కేవాడు. మగ్గం కింద చెక్క తొక్కితే పడుగు తెరుచుకున్నట్టు, కాలు నొక్కితే నోరు తెరుచుకుంటుందని ఆయన నమ్మకం. ఒక్కోసారి తెరుచుకునేది. తెరుచుకునేదాకా ఆగే ఓపిక మాత్రం ఊళ్ళో ఎవరికీ ఉండేది కాదు. ఆయన మొదలుపెట్టిన మాటను ఎదుటివాళ్ళు పూర్తిచేసేసేవాళ్ళు, అదీ తప్పుగా పూర్తిచేసేవాళ్ళు. ఈ పుణ్యాత్ములు నాకూ జీవితమంతా తగులుతూనే ఉన్నారు, వాళ్ళ మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. పెదనాయన మాత్రం తలూపేవాడు. బెల్లం అడగలేక చక్కెర తెచ్చేవాడు. హోటల్లో ఆయనకిష్టమైంది పూరీ. ఏళ్ళ తరబడి బొరుగుల ఉగ్గాని తిన్నాడు, ఆ మాటైతే నోట్లోంచి వస్తుందని. అలా తనకు కావలసింది కాక, చెప్పగలిగిందే తింటూ కడుతూ బతికాడు.

నాకు మాటలొచ్చిన కొత్తలోనే నత్తీ వచ్చింది. ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తేవాళ్ళు కాదు. మా అవ్వ, అంటే నాయనకూ పెదనాయనకూ తల్లి, నేను తడబడినప్పుడల్లా ఒకసారి పెదనాయన వైపు చూసి తల దించుకునేది. పొడుగాటి మనిషి, గట్టి చేతులు. ఆ చేతులకు ఎప్పుడూ గంజి వాసన, వక్కాకు వాసన కలిసి ఉండేవి. వైద్యాలన్నీ ఆమెవే. వసకొమ్ము అరగదీసి నాకించింది. గుడిగంటలో పోసిన నీళ్ళు తాగించింది. ఆదోని నుంచి బట్టలమూట మోసుకొచ్చే ఖాసింబీ చేత తాయెత్తు తెప్పించి కట్టింది. గులకరాయి నోట్లో పెట్టుకుని మాట్లాడమంటే రాయి మింగాను. రెండు రోజులు ఇల్లంతా నా కడుపు గురించి దిగులుపడింది తప్ప ఇంకేమీ కాలేదు. ఇంట్లోవాళ్ళ ముందు నేను మాట్లాడడం తగ్గించేశాను. బడిలో టీచరు నా పేరు పిలిస్తే గొంతులో ఏదో గడ్డకట్టేది. నా పేరు పార్వతి. 'ప' నాకు రాదు.

నేను మాట్లాడింది ఒక్క పెదనాయనతోనే. మధ్యాహ్నాలు ఆయన గుంట పక్కన కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుట్టేదాన్ని. ఆయన వాటిని నాడెలో పెట్టి, పడుగు మధ్య అటూఇటూ విసురుతూ నేసేవాడు. ఆయన ఒక మాట మొదలుపెడితే నేను కండె చుడుతూ ఆగేదాన్ని, నేను మొదలుపెడితే ఆయన నేస్తూ ఆగేవాడు. ఇద్దరిలో ఎవరూ రెండోవాళ్ళ మాట పూర్తిచేయలేదు. నాలుగు ముక్కలు మాట్లాడుకోవడానికి ఒక పూట పట్టేది. ఆ పూటల్లో నాకు భయమన్నదే లేదు. మాట ఆగినా గొంతు బిగిసేది కాదు. మాట ఆగడం వేరు, ఆగుతుందేమోనని హడలిపోవడం వేరు అని ఆ గుంట పక్కనే నాకు మొదటిసారి తెలిసింది, కాకపోతే చెప్పుకోవడానికి అప్పుడు మాటల్లేవు.

మా వీధిలో గడ్డం పెంచిన నేతగాడు పెదనాయన ఒక్కడే. ఒకరోజు దాని సంగతి అడిగాను. ఆయన నాడె పక్కనపెట్టి, గడ్డం పైకెత్తి, దవడ కిందనున్న రెండు మచ్చలు చూపించాడు. వేలిగోరంత మచ్చలు, నున్నగా మెరుస్తున్నాయి. చిన్నప్పుడు నత్తి పోవడానికి సూది కాల్చి వాతలు పెట్టించారట. అది చెప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. కాలు నొక్కుతూ, ఆగుతూ, “ప... ప... పట్టుకున్నది మాయమ్మే” అన్నాడు. ఇంకొంచెంసేపటికి, “సే... సేతులు వణికినాయి ఆమెకు” అన్నాడు. అవ్వ మీద కోపముందా అని అడుగుదామనుకున్నాను. మాట రాలేదు. నేను పెనుగులాడుతుండగానే అమ్మ నన్ను నీళ్ళకు పిలిచింది. తరవాత అడగొచ్చులే అనుకున్నాను.

తరవాత అన్నది లేకపోయింది. జ్వరం వచ్చి మూడోరోజు ఉదయమే పెదనాయన పోయాడు. పోయేముందు కళ్ళు తెరిచి అవ్వను చూశాడు. పెదాలు మూతబడ్డాయి. ఏదో 'ప'తో మొదలయ్యే మాట. దుప్పటి కింద కుడికాలు నొక్కుతూ ఉండడం నేను మంచం పక్కనుంచి చూశాను. అవ్వ ఆగలేకపోయింది. “పాలా? పాలు కావాల్నా నాయనా?” అంటూ గిన్నె తెచ్చి చెంచాతో నోట్లో పోసింది. పాలు గడ్డంలోకి కారాయి. ఆయన అవ్వ వైపే చూస్తూ ఉన్నాడు. దుప్పటి కింద కాలు ఇంకో రెండుసార్లు నొక్కింది, తరవాత ఆగింది. అందరూ ఒక్కసారి ఏడ్చారు. అవ్వ ఏడవలేదు, చెంచా చేతిలో పట్టుకుని కొడుకు నోటి వైపే చూస్తూ కూర్చుంది.

కర్మలయ్యాక కూడా ఆయన గుంటలో ఎవరూ కూర్చోలేదు. సగం నేసిన చీర అలాగే మగ్గం మీద ఉండిపోయింది. నేను మాత్రం అలవాటు మానలేక, నాయన మగ్గానికి కండెలు ఆ గుంట పక్కనే కూర్చుని చుట్టేదాన్ని. మధ్యాహ్నం నాయన తిండికి లేచేవాడు. ఆయన మగ్గం ఆగగానే ఇల్లు నిశ్శబ్దమయ్యేది. మామూలుగా నిశ్శబ్దమంటే ఏమీ లేకపోవడం కదా. ఇది అలా ఉండేది కాదు. పెదనాయన పెదాలు మూతబడినప్పుడు, మాట వచ్చేలోపల ఒక నిశ్శబ్దముండేది. దాన్ని నేను వందసార్లు విన్నాను, ఎక్కడున్నా గుర్తుపట్టగలను. ఆ మూలనుంచి వచ్చేది అదే. రాట్నం తిప్పడం ఆపి చూసేదాన్ని. గుంటలో కింది చెక్క కదులుతున్నట్టుండేది, చూస్తే కదిలేది కాదు. నాకు భయమేసేది, లేచి పోవాలనిపించేది, కానీ ఎదుటిమనిషి మాట మధ్యలో ఉండగా లేచిపోవడం మా ఇద్దరికీ అలవాటు లేదు. కూర్చునేదాన్ని. ఒకరోజు అదే సమయానికి వంటింటి గుమ్మంలో అవ్వ నిలబడి ఉంది. ఆమె కూడా ఆ గుంట వైపే చూస్తోంది. కాసేపాగి, ఖాళీ గుంటతో, “ఊ, సెప్పు” అంది.

ఆమెకూ వినిపిస్తోందని తెలిశాక నా భయం రెట్టింపైంది. అవ్వ తిండి మానేసింది. వాడు నాతో ఏందో సెప్పబోయినాడు, నేను పాలు పోసి నోరు మూసేస్తిని అని వచ్చినవాళ్ళందరితో అనేది. చివరికి ఎవరో ఆదోనిలో సోది చెప్పే ఆమె ఉందన్నారు. పోయినవాళ్ళు ఆమె మీదికి వచ్చి మాట్లాడతారని, అడిగినదానికి జవాబు చెబుతారని. మా అమ్మతో ఆదోని ఆసుపత్రిలో పాప నాలుక చూపించుకొస్తానని చెప్పి, అవ్వ నన్ను బస్సెక్కించింది. దారిపొడుగునా పత్తి లారీలు ఎదురొచ్చాయి. ఆదోని కొండ దూరంనుంచే కనిపించింది. అవ్వ ఒడిలో తాంబూలం మూట గట్టిగా పట్టుకుని, కొడుకును ఊరినుంచి తీసుకురావడానికి పోతున్నంత ఆత్రంగా కూర్చుంది.

సోదెమ్మ ఇల్లు పత్తిమిల్లుల వెనక ఉంది. మిల్లునుంచి లేచిన దూది ఆ వీధంతా పరుచుకుని ఉంది, చెట్ల మీద, పెంకుల మీద, గడప మీద. మిట్టమధ్యాహ్నం, వీధిలో మనిషి లేడు. మిల్లు యంత్రం మోత ఒక్కటే నేలలోంచి కాళ్ళకు తెలుస్తోంది. అరుగు మీద సోదెమ్మ చెల్లెలు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది, సంగతులడిగింది. అవ్వ అన్నీ చెప్పింది. నత్తి గురించి, వాతల గురించి, పాల గురించి, చివరికి నా గురించి. చెల్లెలు లోపలికి పోయి వచ్చి మమ్మల్ని పిలిచింది. సోదెమ్మ ముసలిదని ఊహించుకున్నాను, మా అమ్మ వయసు మనిషి. ముందు చేటలో బియ్యం, పక్కన మూకుట్లో పిడకల నిప్పు. పోయినాయన పేరు చెప్పమంది. అవ్వ చెప్పింది. ఆమె కళ్ళు మూసుకుని మూడుసార్లు పెద్దగా ఆవలించింది. ఆవలించినప్పుడల్లా నేల మీది దూది లేచి ఆమె నోటి వైపు కొంచెం కదిలింది. తరవాత కళ్ళు మూసుకునే అవ్వ వైపు తిరిగింది.

“అమ్మా, నేను బసప్పను వచ్చినాను” అంది. అది మగగొంతు కాదు, ఆమె గొంతూ కాదు. “నాకిప్పుడు మాట బాగ తిరుగుతాంది. యాడా నిలబడకుండా మాట్లాడతాండాను. ఇనబడతాందా?”

మా అవ్వ గట్టిగా ఏడ్చింది. పెదనాయన పోయిన రోజు రాని ఏడుపంతా అప్పుడొచ్చింది. తన కొడుకు పేరు కొడుకు నోటినుంచి ఆమె పుట్టి బుద్ధెరిగాక విన్నది అదే మొదలు. నేను మాత్రం వెనక్కి జరిగాను. పెదనాయనను నేను పోల్చుకునేది ఆగడంతో. ఈ గొంతులో ఆగడం లేదు, ఆలోచించుకోవడం లేదు, ఎదుటివాళ్ళు వింటున్నారా అని చూసుకోవడం లేదు. కుళాయి తిప్పి వదిలేసినట్టు మాటలు వస్తూనే ఉన్నాయి. ఆ రోజు ఏం చెప్పబోయావు నాయనా అని అవ్వ అడిగింది. పాపకు వాత పెట్టించమని చెప్పబోయానంది ఆ గొంతు. నువ్వు నాకు పెట్టించిన వాత మంచిదేనంది. చిన్నతనంలో తెలియక ఏడ్చానని, దానివల్లే ఇప్పుడు నాలుక తిరిగిందని, పాపకు ఇక్కడే, ఇప్పుడే పెట్టించమని చెప్పింది. అవ్వ ముఖం వెలిగింది. ఇన్నేళ్ళు ఆమె మోసిన బరువును ఆ గొంతు ఒక్క మాటతో దించేసింది. చెల్లెలు గోడకు గుచ్చిన పొడుగాటి సూది తీసి నిప్పులో పెట్టింది.

అవ్వ నన్ను ఒళ్ళోకి లాక్కుంది. ఒక చేయి నా ఛాతీ మీదుగా, రెండో చేయి నా దవడ కింద. ఆ చేతులు వణుకుతున్నాయి. అప్పుడు నాకు నిజంగా భయం పుట్టింది, ఎందుకంటే ఆ వణుకు సంగతి నాకు ముందే తెలుసు. నిప్పులో సూది కొస ఎర్రబడుతోంది. చెప్పాలి. ఇప్పుడు చెప్పకపోతే ఇంక చెప్పడానికి నాలుక ఉంటుందో లేదో. పెదాలు మూతబడ్డాయి. 'ప' దగ్గరే. గొంతు బిగిసింది, కళ్ళలో నీళ్ళొచ్చాయి, కుడికాలు నేలకేసి నొక్కుతున్నాను. ఆ గొంతు అటుపక్క మాట్లాడుతూనే ఉంది, ధారాళంగా. “పెదనాయనను పిలుస్తాండావా పాపా?” అంది అవ్వ, అలవాటుకొద్దీ నా మాట పూర్తిచేస్తూ. కాదని తలూపబోయాను, దవడ ఆమె చేతిలో ఉంది. బిగుసుకుపోయిన నా దవడ ఆమె అరచేతికి తెలిసింది. అలాంటి దవడను ఆమె ఇంతకుముందు ఒకసారి పట్టుకుంది. అవ్వ ఇంకోమాట అనలేదు. మొదటిసారి, ఆమె ఆగింది.

ఎంతసేపు ఆగిందో తెలియదు. “ప... ప... పెదనాయన కాదు” అన్నాను. “ఆ... ఆయన ఇట్ల మాట్లాడడు.”

అవ్వ చేయి నా దవడ మీదినుంచి జారింది. ఆమె సోదెమ్మ వైపు తిరిగి, ముక్కూమొహం తెలియని మనిషిని అడిగినంత మర్యాదగా అడిగింది. “నువ్వు మావోడు కాదు. ఎవురప్పా నువ్వు?”

ఆ గొంతు మాట మధ్యలో ఆగిపోయింది. మిల్లు మోత మళ్ళీ వినిపించింది. సోదెమ్మ తల వాల్చి, మళ్ళీ ఎత్తి, కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. తాగి, మూతి తుడుచుకుని, తన మామూలు గొంతుతో, కొంచెం సిగ్గుపడినట్టు మాట్లాడింది. “ఎవురో దారినపొయ్యేటోడు వచ్చి కూసున్నాడవ్వా. మీవోడు వచ్చినాడు గానీ వాకిట్లోనే నిలబడినాడు. నోరు కదిలిస్తాన్నాడు. నాకు ఇనబడలేదు.” ఆమె మోసగత్తె అని చాలామంది నాతో అన్నారు. అయివుండొచ్చు. కానీ మోసగత్తె అయితే ఆ మాట చెప్పి తన పరువు తానే తీసుకునేది కాదు కదా అని నాకు ఇప్పటికీ అనుమానం. అవ్వా నేనూ ఒకేసారి వాకిలి వైపు చూశాం. ఎండ, గడప మీద దూది, అంతే. అవ్వ లేచి నా చేయి పట్టుకుంది. గడప దాటేటప్పుడు ఒక పక్కకు ఒదిగి దాటింది. నేనూ అలాగే ఒదిగి దాటాను.

తిరిగొచ్చే బస్సులో ఆమె నాతో మాట్లాడలేదు, ఇంటికొచ్చాకా మాట్లాడలేదు. నా నాలుక నాకు మిగిలింది, కానీ ముసలిదానికి దొరికిన క్షమను నేను లాగేసుకున్నాను. అంత చిన్నతనంలోనే ఆ సంగతి నాకు బాగా అర్థమైంది.

ఇప్పటి పిల్లలకు ఈ బాధలు తక్కువ. మా వీధి చివర ఒక అమ్మాయికి నత్తి ఉంది. వాళ్ళమ్మ స్పీచ్ థెరపీ చేయిస్తోంది, ఫోనులోనే వారానికి రెండుసార్లు. ఆ డాక్టరమ్మ చెప్పిందట, రోజూ అంగడికి పోయి కావాలనే నత్తిగా మాట్లాడి రమ్మని, దాచుకునేకొద్దీ భయం పెరుగుతుందని, కావాలని బయట పెట్టుకుంటే తగ్గుతుందని. ఇదేం వైద్యం ఆంటీ అని వాళ్ళమ్మ నవ్వింది. నేను నవ్వలేదు. నేను ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. ప్రతి సంవత్సరం మొదటిరోజు పిల్లలతో, నా పేరు ప... ప... పార్వతి, నాకు నత్తి, ఆగినప్పుడు మీరూ ఆగండి అని చెప్పేదాన్ని. కావాలని కొంచెం ఎక్కువే ఆగేదాన్ని. నాలుగోరోజుకల్లా పిల్లలు మరిచిపోయేవాళ్ళు, నేనూ మరిచిపోయేదాన్ని. నత్తి పోలేదు, భయం పోయింది. ఈ విద్య నాకు ఏ డాక్టరూ నేర్పలేదు. కొడుకుకు వాతలు పెట్టించిన మా అవ్వే నేర్పింది.

అప్పటికి మేం సోదెమ్మ దగ్గర్నుంచి వచ్చి వారం దాటి ఉంటుంది. నాయన నేసిన గుడ్డ ఇచ్చిరావడానికి పోయాడు, అమ్మ నీళ్ళకు పోయింది. నేను కండెలు చుడుతున్నాను. మధ్యాహ్నం. ఆ మూలనుంచి ఆ నిశ్శబ్దం మొదలైంది. రాట్నం ఆపాను. అవ్వ వంటింట్లోంచి వచ్చింది. తిన్నగా గుంట దగ్గరికి పోయి, చీర కొంచెం పైకి తీసుకుని, కాళ్ళు లోపలికి దించి, పెదనాయన చోట్లో కూర్చుంది. ఆయన పోయాక అందులో కాలు పెట్టిన మొదటి మనిషి ఆమే. నడుము దాకే కనిపిస్తోంది. చాలా రోజుల తరవాత నాతో మాట్లాడింది.

“పాపా, వాడు నన్ను పిలిచినట్ల ఒగసారి పిలువు.”

నా నత్తిని వినాలని నన్ను అడిగినవాళ్ళు అంతవరకూ లేరు. ఆపు, నిదానంగా చెప్పు, మళ్ళీ చెప్పు అన్నవాళ్ళే అందరూ. బాగా పిలవాలా అన్నట్టు చూశాను. “బాగ పిలవొద్దు. వాడు ఎట్ల ఆగేటోడో అట్ల ఆగు” అంది. కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. “అ... అ...” అని కావాలనే ఆగాను. మొదట అది నేను చేస్తున్నదే. నా గొంతు బిగియలేదు. ఆగడంలో ఇంత హాయి ఉంటుందా అని వింతగా కూడా అనిపించింది. కొంతసేపటికి నేను చేయడం పోయి అదే ఆగింది. కుడికాలు నేలకేసి నొక్కుకుంది. అవ్వ కదలకుండా కూర్చుంది. తొందరపెట్టలేదు, అందించలేదు. చివరికి, “అమ్మా” అన్నాను.

“ఊ, నాయనా” అంది అవ్వ.

నన్ను ఎప్పుడూ నాయనా అనలేదు ఆమె, పాపా అనే అనేది. కళ్ళు తెరిచి చూశాను. ఆమె నా వైపు చూడడం లేదు, గుంటలోకి, తన కాళ్ళ పక్కనున్న చీకట్లోకి చూస్తోంది. “సూది పెట్టిననాడూ పట్టుకున్నది నేనే. పొయ్యేనాడూ పాలు పోసి నోరు మూసింది నేనే. నా మింద కోపముందా నాయనా?” అంది. అడిగి, ఊరుకుంది. జవాబు ఎప్పుడొస్తే అప్పుడే రానీ అన్నట్టు ఊరుకుంది. నేను పార్వతినవ్వా అని చెబుదామనుకున్నాను. నాకు జవాబు తెలియదు, ఆయన నాకు చెప్పలేదు. ఇల్లంతా ఆ నిశ్శబ్దమే నిండింది, ఈసారి అది మూలలో లేదు, నా నోట్లో ఉంది. నా పెదాలు కదిలాయి.

“ల... ల... లేదమ్మా.”

అవ్వ తలూపింది. కాళ్ళు పైకి తీసుకుని లేచి, పొయ్యి మీద ఎసరు పెట్టడానికి పోయింది. ఆ పూట కడుపునిండా తింది. ఆ మూల నిశ్శబ్దం మా ఇంట్లో మళ్ళీ ఎప్పుడూ వినపడలేదు. అవ్వ నన్ను అమ్మా అని పిలవమన్నది ఒక్కసారే. లేదమ్మా అంటూ రెండోసారి పిలిచింది ఎవరో నాకు ఈనాటికీ తెలియదు.